హనుమకొండలో కాక్టస్ వైద్యం: అక్క చేతికి ఐదు, సంచి మట్టికి ఒకటి

రేటింగు ముందే చెప్పేస్తున్నా. హంటర్ రోడ్డు మీంచి లోపలి సందులోకి తిరిగితే వచ్చే ఈ నర్సరీలో, జబ్బుపడ్డ కాక్టస్‌ను చూసి కుండీ మార్చే పనికి ఐదుకు ఐదు. అక్కడే అమ్మే ‘కాక్టస్ మిక్స్’ సంచికి ఒకటి, అది కూడా సంచి గట్టిగా ఉన్నందుకు. గల్లా దగ్గర కూర్చునే అన్న అంటగట్టే పచ్చసీసా టానిక్కుకు సున్నా. మూడూ కలిపి సగటు తీసి రెండు చుక్కలు పెడితే చదివేవాళ్లకు ఒరిగేదేం లేదు, అందుకే విడివిడిగా రాస్తున్నా.

బోర్డు లేదు. గ్రీన్ నెట్ పందిరి, ముందు సిమెంటు కుండీల వరస, దాని వెనక మందారాలు, గులాబీలు. పూలమొక్కల్లో చాలావరకు కడియం నుంచి లారీలో దిగినవే. మన దిక్కు ఏ నర్సరీకి పోయినా అంతే. కాక్టస్‌లు మాత్రం పశ్చిమ బెంగాల్‌లోని కలింపాంగ్ సరుకంటున్నారు. వాటిని వెనక మూలన, వాన పడకుండా రేకుల కింద పెట్టారు. అక్కడే ఒక పీట, పండ్లు కోసుకునే కత్తి, పాత పేపర్ల కట్ట, గంధకం పొడి డబ్బా. ఆ పీట మీద కూర్చునే అక్క కోసమే ఈ రివ్యూ.

నాది మెడికల్ షాపు. “కండ్లు పచ్చగయినయ్, ఏదన్న గోలీ ఇయ్యి” అని వచ్చేవాళ్లను రోజూ చూస్తుంటా. అడిగిందే తడవుగా గోలీ ఇచ్చే షాపు కన్నా, ముందు నాలుగు మాటలు అడిగే షాపు మంచిదని నా నమ్మకం. అక్క అడిగింది. ఎక్కడ పెట్టిన్రు, ఎండ ఏ దిక్కు నుంచి పడతది, పోసేది బోరు నీళ్లా నల్లా నీళ్లా, కుండీకి బొక్క ఉందా, పసుపు కిందినుంచి ఎక్కిందా పైనుంచి దిగిందా. తర్వాత బొటనవేలితో పసుపైన చోట నొక్కి చూసింది.

“గట్టిగుంటే తొందరేం లేదు తమ్మీ. మెత్తగుంటేనే ఉరుకాలె.”

ఈ ఒక్క పరీక్ష ఇంట్లోనే ఎవరికి వాళ్లు చేసుకోవచ్చు. ముళ్లుంటాయి కాబట్టి పెన్సిలు వెనక భాగంతో నొక్కండి.

మొదట తీసుకెళ్లింది గోల్డెన్ బారెల్ అనే గుండ్రటి కాక్టస్. దాని ముళ్లే బంగారు రంగు, అందుకని ఒళ్లు పసుపెక్కితే దూరం నుంచి తెలియదు. మెక్సికో మొక్క ఇది. సొంత గడ్డ మీద అంతరించిపోయే జాబితాలో ఉంది, మన ఊళ్లో మాత్రం ప్రతి రెండో డాబా మీద కనిపిస్తుంది. మా దానికి ఒక వైపు నాలుగైదు గట్ల మీద పచ్చదనం పోయి పసుపు, ఆ పసుపు నడుమ తెల్లబారిన పెచ్చు. అక్క కుండీని గుండ్రంగా తిప్పి చూసి, పసుపు ఒక్క దిక్కే ఉందని చూపించింది. నొక్కితే గట్టిగానే ఉంది. ఏ దిక్కుకు పెట్టారని అడిగితే పడమర అన్నాను.

“రోగం గాదు. కాలింది.”

నెట్ కింద నీడలో పెరిగిన మొక్కను ఏప్రిల్‌లో తెచ్చి డాబా మీద పెడితే అయ్యేది ఇదే. ఎడారి మొక్కే కదా అంటాం గానీ, నీడకు అలవాటైన చర్మం ఒక్కసారిగా ఎండలో పడితే తట్టుకోదు. పైగా మన మే నెల 44, 45 డిగ్రీలు, కింద నుంచి కాంక్రీటు సెగ. కాలిన చోట పచ్చదనం ఇక రాదు. నెత్తిన కొత్తగా పెరిగేది బాగుంటే చాలు, ఏళ్లు గడిచేకొద్దీ మచ్చ కిందికి దిగుతుంది. దీనికి మందు లేదు కాబట్టి అక్క మందు అమ్మలేదు. డబ్బులు కూడా తీసుకోలేదు. పొద్దుటి ఎండ తగిలే తూర్పు గోడ పక్కకు మార్చమంది, ఎండాకాలమంతా పైన సగం నీడనిచ్చే నెట్ కట్టమంది. ఆఖరున సుద్దముక్క తీసి కుండీ అంచు మీద ఒక గీత గీసింది. ఊడ్చేటప్పుడో కడిగేటప్పుడో కుండీ జరిపితే ఆ గీత మళ్లీ తూర్పుకే రావాలట. లేకపోతే ఇన్నాళ్లూ నీడన ఉన్న లేత వైపు ఎండకు తిరిగి అదీ కాలుతుంది. మొక్కను కొన్న చోట ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు. “ఎడారి మొక్క సార్, ఎండల పడేయండి” అన్నారంతే. వాళ్ల పేరెందుకు లెండి.

అక్క అసలు పనితనం చూసింది తర్వాత, సెరియస్‌తో. స్తంభంలా నిటారుగా పెరిగే రకం. గృహప్రవేశానికి చుట్టాలిచ్చిన కానుక. మెరిసే పింగాణీ కుండీ, అడుగున బొక్క లేదు, పైన తెల్ల గులకరాళ్లు జిగురుతో అంటించి ఉన్నాయి. నీళ్లు ఎంత లోపలికి దిగాయో కనబడదు, దిగినవి బయటికి పోవు. మొదలు దగ్గర పసుపు, ఆ పసుపు కూడా మామూలుది కాదు, వెలుతురుకు పెడితే లోపల నీరు నిండినట్టు మసకగా కనిపించేది. అక్క వేలు పెట్టగానే చర్మం లోపలికి పోయింది.

గులకరాళ్ల పలకను స్క్రూడ్రైవర్‌తో లేపి, కుండీని పక్కకు పడుకోబెట్టి మొక్కను లాగింది. మురిగిన నీటి కంపు గుప్పుమంది. వేళ్లను రెండు వేళ్లతో పట్టి లాగితే పైతొక్క జారి చేతికొచ్చి, లోపల సన్నటి దారం మాత్రం మిగిలింది. ఆ వేళ్ల నడుమ పిడికెడు కొబ్బరిపొట్టు ముద్ద. నర్సరీలో చిన్నప్పుడు పెట్టిన ముద్ద అది, దాన్ని తీయకుండానే పెద్ద కుండీలోకి మార్చేశారన్నమాట. చుట్టూ మట్టి ఆరినా ఆ ముద్ద ఆరదు, వేళ్లు దాంట్లోనే నానుతుంటాయి.

తర్వాత కత్తి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచింది. ఆ సీసా మా షాపులో అమ్మే సర్జికల్ స్పిరిట్టే, అది చూసి ముచ్చటేసింది. మొదలు నుంచి ఒక వేలు మందాన అడ్డంగా కోసింది. కోసిన ముఖం మీద నడుమ ఒక గుండ్రటి వలయం ఉంటుంది, నీళ్లు ఎక్కే నాళాలు అవే. అది ఇటుక రంగులో ఉంది. చుట్టూ కండ పచ్చగా, బాగానే కనిపిస్తోంది. నేనైతే అక్కడే ఆపేవాణ్ని. అక్క కత్తి మళ్లీ తుడిచి ఇంకో ముక్క కోసింది. వలయంలో ఎరుపు కొంచెం తగ్గింది. మళ్లీ తుడిచింది, మళ్లీ కోసింది. వలయం మచ్చ లేకుండా లేత ఆకుపచ్చగా వచ్చేదాకా ఆగలేదు. “చుక్కంత ఉన్నా మల్ల పైకి పాకుతది” అంది. కత్తిని ప్రతి కోతకూ తుడవడం ఎందుకో నాకు చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాతి పని నేనెక్కడా చదవనిది. కోసిన ముఖం అంచుల్ని పెన్సిలు చెక్కినట్టు చుట్టూ ఏటవాలుగా చెక్కింది. కండ ఆరితే కుంచించుకుపోయి లోపలికి గుంటపడుతుంది, పై తొక్క గట్టిది కాబట్టి అలాగే నిలబడుతుంది. చెక్కకపోతే నడిమి భాగం గిన్నెలా లోతుకు పోయి మట్టికి తగలదు. వేళ్లు వచ్చేది ఆ నడిమి వలయం నుంచే కాబట్టి అది మట్టికి ఆనాలి. గంధకం పొడి అద్ది, పేపర్లో చుట్టి ఇచ్చింది. ఎండ తగలని గాలివాటున ఉంచాలి, కోసిన ముఖం మీద గట్టి పొర కట్టేదాకా మట్టి చూపించొద్దు. ఎండాకాలంలో అయితే వారం పది రోజులు, వానల్లో అంతకు రెట్టింపు.

పొర కట్టాక తీసుకెళ్తే ఆరిన మిశ్రమంలో, కొత్త మట్టి కుండీలో నిలబెట్టి, పడిపోకుండా రెండు పుల్లలు ఊతమిచ్చింది. పాతిందనడానికి లేదు, ఊరికే ఆనించింది. నాటిన వెంటనే నీళ్లు పోయొద్దని గట్టిగా చెప్పింది. వేళ్లు లేని మొక్క నీళ్లు తాగలేదు, మిగిలేది కుళ్లే. కుండీ, మట్టి, కోత, నాటడం అన్నీ కలిపి 150 రూపాయలు. ఆషాఢంలో కోసింది, బతుకమ్మ నాటికి మెల్లగా కదిపి చూస్తే పట్టు దొరికింది. ఇప్పుడు పైన కొత్త పచ్చ కనబడుతోంది. పొడవు మాత్రం సగమైంది.

ఇక్కడొక మాట. మీ ‘కాక్టస్’ను కోస్తే తెల్లటి పాలు కారాయంటే అది చాలావరకు కాక్టస్ కాదు, జెముడు జాతి. ఆ పాలు కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు, కంటిపొర దెబ్బతింటుంది. వెంటనే ధారగా నీళ్లతో కడిగి కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. మా షాపుకొచ్చి చుక్కల మందు అడగొద్దు. జెముళ్లు కోసేటప్పుడు అక్క కళ్లద్దాలు పెట్టుకుంటుంది, అది నాకు నచ్చింది.

మా పాప కొన్న మూన్ కాక్టస్ సంగతి చిన్నదే. నెత్తిన పసుపు బంతి, కింద పచ్చ కాడ. బంతి పసుపు పుట్టుకతోనే. దాంట్లో పచ్చదనమే లేదు కాబట్టి తిండి తయారు చేసుకోలేదు, అంటు కట్టిన కింది కాడ పెట్టే తిండితో బతుకుతుంది. ఆ కాడ డ్రాగన్ ఫ్రూట్ జాతిది. కాబట్టి చూడాల్సింది కాడను. మా దాంట్లో కాడే పసుపెక్కుతోంది. “దీనికి ఆయుష్షు తక్కువ తమ్మీ, కావాలంటే కొత్త కాడకు కడ్త” అని, 50 రూపాయలు తీసుకుని, రెండు వలయాలూ ఒకదాని మీద ఒకటి పడేట్టు ఆనించి రబ్బరు బ్యాండ్లు వేసింది. అతుక్కుంటుందని మాటివ్వలేదు. ఇంకా చూస్తున్నాం.

నేనున్నప్పుడే ఒకాయన మామిల్లారియా అనే చిన్న కాక్టస్ పట్టుకొచ్చాడు. నెత్తి దగ్గర తుప్పు పొడి చల్లినట్టు పసుపు గోధుమ రంగు, నొక్కితే గట్టిగానే ఉంది. అక్క దాన్ని తెల్ల కాగితం మీద వంచి రెండుసార్లు తట్టింది. పడిన దుమ్ములో చుక్కలు కొన్ని నడవడం మొదలుపెట్టాయి. ఎర్రనల్లి. పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి ఆరబెట్టమంది, తగ్గకపోతే నీళ్లలో కలిసే గంధకం సాయంత్రం పూట కొట్టమంది. ఎండ మండేటప్పుడు కొడితే గంధకమే కాలుస్తుంది. దూదిపింజల్లా తెల్లగా అంటుకునే పిండినల్లికైతే ఇయర్ బడ్‌ను స్పిరిట్‌లో ముంచి ఒక్కోటి తుడవడమే.

ఇక గల్లా అన్న. నాలుగో మొక్క ఒకటుంది మా ఇంట్లో, నాగజెముడులో ముళ్లు తక్కువుండే రకం. పేరులో జెముడున్నా ఇది కాక్టస్సే. పాత రెక్కలు పచ్చగానే ఉన్నాయి, కొత్తగా వచ్చే రెక్కలే లేత పసుపు. మెత్తదనం లేదు, పురుగు లేదు. ఆ రోజు అక్క లేదు. అన్న కుండీ వైపు చూడను కూడా చూడకుండా “బలం తక్కువైంది సార్” అని పచ్చసీసా తీశాడు, 180 రూపాయలు. వెనక్కి తిప్పి చదివితే అందులో ఏముందో, ఎంతుందో రాసి లేదు. మా ధంధాలో అలాంటి లేబులు పెడితే డ్రగ్ ఇన్‌స్పెక్టరు తాళం వేస్తాడు. తీసుకోలేదు.

అక్కడే గులాబీలు చూస్తున్న పరకాల రైతు ఒకాయన మా మొక్కను చూసి, “గిది ఇనుము అందుతలేదు, వరి నారు గిట్లనే తెల్లవడతది. అన్నభేది పొయ్యి” అన్నాడు. నాకు వెలిగింది. మాది బోరు నీళ్లు. బకెట్లకు తెల్ల పొర, గీజరు కాయిలు మీద సున్నం. ఆ నీళ్లే పోస్తూపోతే కుండీ మట్టిలో సున్నం పేరుకుని, మట్టిలో ఇనుమున్నా వేళ్లకు అందదు. ముందు లేత భాగాలే పసుపెక్కుతాయి. బలం, అంటే నత్రజని తక్కువైతే మొక్క అంతా పాలిపోతుంది, పాత భాగాలు ముందు. ఈ తేడా తెలిస్తే సీసా అక్కర్లేదు.

ఎరువుల షాపులో అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, చవకే. లీటరు నీటికి ఒక గ్రాము, అందులో చిటికెడు నిమ్మ ఉప్పు. మొక్క మీద కొడితే తుప్పు మరకలు పడతాయి, మట్టిలో పోయాలి. మట్టికి నీళ్లు పెట్టాల్సిన రోజునే దాన్ని పోశాను. తర్వాత బోరు నీళ్లు మానేసి వాన నీళ్లు, అవి లేనప్పుడు ఏసీ నుంచి కారే నీళ్లు పోస్తున్నాం. వాటిలో లవణాలు దాదాపు ఉండవు. వాటర్ ప్యూరిఫయర్ వదిలేసే నీళ్లు మాత్రం పోయొద్దు, తీసేసిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి. కార్పొరేషన్ నల్లా వచ్చేవాళ్లకు ఈ బాధ తక్కువ, వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువుల నీళ్లు కాబట్టి. తర్వాత వచ్చిన రెక్క పచ్చగా వచ్చింది. పసుపైనవి కొంచెం తేరుకున్నాయి.

మిగిలింది సంచి మట్టి. ఐదు కిలోలు 250 రూపాయలు, పైన ముళ్ల బొమ్మ. విప్పి పేపరు మీద పోస్తే ముప్పావు వంతు కొబ్బరిపొట్టు, కొంత వర్మికంపోస్టు, కంటికి ఆనడానికి చల్లిన పెర్లైటు అనే తేలికపాటి తెల్ల గుళికలు. పిడికెడు తడిపి పిండాను. లడ్డూ కట్టింది. కాక్టస్ మట్టి పిండితే వదలగానే రాలిపోవాలి. మొక్క లేకుండా ఖాళీ కుండీలో నింపి నీళ్లు పోసి షాపు తక్కెడలో రోజూ తూచి చూస్తే, వానాకాలపు ముసురులో వారం దాటినా బరువు దిగలేదు. ఒకసారి పూర్తిగా ఎండిందంటే మళ్లీ నీళ్లు పీల్చదు, అంచుల వెంట జారిపోతాయి. రెండు రకాలుగానూ నష్టమే. అక్క తన కోతలకు ఈ సంచి వాడదు, ఆమె పీట పక్కన వేరే గుట్ట ఉంటుంది. అదేంటని అడిగితే దాచుకోకుండా చెప్పింది.

దొడ్డు ఇసుక, బేబీ చిప్స్ అనే సన్న కంకర, పగలగొట్టిన ఇటుక ముక్కలు, కొంచెం చెల్క మట్టి (ఇసుక కలిసిన ఎర్రమట్టి), కొంచెం మాగిన పశువుల ఎరువు. రాయి, ఇసుక, ఇటుక కలిపి మూడు వంతులు, మట్టి ఎరువు కలిపి ఒక వంతు. గ్రానైటు గుట్టల నడుమ ఉన్న ఊరు మనది, చిప్స్‌కు కరువు లేదు. ఇల్లు కట్టే ఏ చోటైనా ఒక బకెట్ అడిగితే ఇస్తారు. రోబో సాండ్ అయితే జల్లెడ పట్టి, మెత్తటి దుమ్మంతా పోయేదాకా కడగాలి. ఆ దుమ్ము ఉంటే సిమెంటులా బిగుస్తుంది. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడిన ఆ వానలకు మా డాబా మీద నిలిచిన కాక్టస్‌లన్నీ ఇలాంటి రాతి మట్టిలో, బొక్కలున్న కుండీల్లో ఉన్నవే. మంచి మట్టి ఎలా చేయాలో తెలిసిన మనిషిని వెనక కూర్చోబెట్టుకుని ముందు బల్ల మీద ఆ సంచి అమ్మడం ఏంటో నాకర్థం కాలేదు. అన్నను అడిగితే “జనం అదే అడుగుతున్నరు సార్” అన్నాడు.

ఇంకో ఫిర్యాదు. బల్ల మీద పెట్టే చిన్న కాక్టస్‌ల నెత్తిన ఎండు పూలు జిగురుతో అంటించి అమ్ముతున్నారు. ఆ జిగురు పెరిగే మొన మీదే పడుతుంది. పూవును మెల్లగా కదిపి చూడండి, ఆకు రాలినట్టు ఊడకుండా చర్మాన్ని పట్టి లాగితే అది అంటించిందే. నీలం, గులాబీ రంగు స్ప్రే కొట్టినవీ కొన్ని ఉన్నాయి, వాటిని చూస్తే ముందుకు నడవండి.

కారు లోపలికి పోదు, సందు మొదట్లో ఆపుకోవాలి. ఫోన్‌పే తీసుకుంటారు. ఫోన్ చేసి అడిగితే అన్నే మాట్లాడతాడు, ఫోటోలు పంపినా అక్క చూడదు, “నొక్కకుంట నాకేం తెలుస్తది” అంటుంది. పొద్దున పదిలోపు పోతే పీట మీదే ఉంటుంది. మధ్యాహ్నం పోతే అన్న, పచ్చసీసా. మేడారం జాతర వారంలో మూసి ఉంటుంది. తీసుకెళ్లేముందు మొక్కకు కొన్ని రోజులు నీళ్లు పోయడం ఆపండి. మట్టి తడిగా ఉంటే అక్క కుండీలోంచి తీయదు, ఆరాక రమ్మని తిప్పి పంపుతుంది. మెత్తబడిందైతే మాత్రం తడిగా ఉన్నా సరే, ఆ రోజే పట్టుకెళ్లండి.